మామ చేతికి తగిన కట్టె

కట్టె విషయంలో నాతో వాదించి గెలిచినవాడు ఆ రోజుల్లో కర్నూల్లో లేడు. గొప్పకు చెబుతున్న మాట కాదు. మా నాన్న కోడుమూరు దగ్గర చేలు చూసుకుంటుంటే నేను కర్నూల్లో కలప అడితి పెట్టుకుని కూర్చున్నాను. ఊరు రాజధాని అయిన కొత్త. ఎక్కడ చూసినా డేరాలు, షెడ్లు, సగం లేచిన గోడలు. తలుపుకు ఏ మాను, బండి నొగకు ఏ మాను, మంచం కోళ్లకు ఏ మాను అని అడిగేవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వస్తూనే ఉండేవాళ్లు. నేను చెప్పింది తీసుకుపోయి, తిరిగొచ్చి తిట్టినవాడు ఒక్కడూ లేడు. అందుకే మా మేనమామ చెయ్యి విరిగి బిలియర్డ్స్ ఆట మానేసినప్పుడు, ఆ సంగతేదో నేనే తేల్చాలనుకున్నాను.

మామ వేరుసెనగ వ్యాపారి. పగలంతా మిల్లులో కేకలేసే మనిషి, సాయంత్రం క్లబ్బుకు పోయి ఆ పచ్చగుడ్డ బల్ల ముందు నిలబడితే చాలు, ఇంకో మనిషి అయ్యేవాడు. నెమ్మదిగా వంగి, ఊపిరి బిగబట్టి, కర్రను బంతికి తగిలీ తగలనట్టు తాకించేవాడు. మద్రాసు నుంచి కొత్తగా దిగిన ఆఫీసర్లు కూడా ఆయన ఆట చూడడానికి కుర్చీలు దగ్గరికి జరుపుకునేవాళ్లు. మా అత్తకు మాత్రం ఆ ఆట పేరెత్తితే ఒళ్లు మండేది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ క్యూ కర్రను ఆమె సవతి అనే పిలిచేది. అది నట్టింట్లో కనబడితే పక్కకు తన్నేది గానీ చేత్తో ముట్టేది కాదు.

ఓర్వకల్లు గుట్టల దగ్గర ఎద్దులు బెదిరి బండి తిరగబడింది. మామ కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది. అన్నం తినడానికీ, సంతకం పెట్టడానికీ ఇబ్బంది లేదు. కానీ క్యూ కర్ర పట్టుకుని బంతిని కొడితే, ఆ అదురు మణికట్టులో మొదలై మోచేతి దాకా జివ్వున లాగేది. ఒకటి రెండుసార్లు పళ్ల బిగువున ఆడి చూసి, కర్రను తలుపు మూలన పెట్టేశాడు. ఆ తరువాత సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను కసురుకోవడమే ఆయన పని. అత్త రోజూ ఆ మణికట్టుకు ఆముదం రాసి కాపడం పెట్టేది. మనిషి చిక్కి సగమయ్యాడు. మళ్లీ ఆ బల్ల దగ్గరికి పోలేకపోతే మామ మాకు దక్కడేమోనని నాకు భయం పట్టుకుంది.

చేతికి అదురు తెలియని కట్టె నేను చేయించి ఇస్తానన్నాను. మామ ముఖం తిప్పుకున్నాడు.

"చెయ్యే బాగలేకపోతే కట్టె ఏం జేస్తాదిరా" అన్నాడు.

అంతే. నాకు పంతం వచ్చింది.

సంగతి తెలియగానే క్లబ్బులో ప్రతివాడూ సలహాలకు దిగాడు. అందరి నోటా ఒకటే మాట, ఎర్రచందనం. కడప జిల్లా వాళ్లకు ఆ మాను మీద ఎంత అభిమానమో చెప్పనక్కర్లేదు. బద్వేలు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దమనిషి అయితే తన ఇంట్లో ఉన్న దుంగనే కోయించి ఇస్తానన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. అందం వేరు, పని వేరు. ఎర్రచందనం బరువు, గట్టి. దాన్ని ఎంత కొడితే అంతా తిరిగి చేతికే ఇస్తుంది. బొమ్మలు చెక్కించుకోండి, అరగదీసి పట్టు వేసుకోండి, మా మామ చేతికి మాత్రం వద్దన్నాను. ఆ పెద్దమనిషి నాతో చాలా రోజులు మాట్లాడలేదు. పోనీలే అనుకున్నాను.

నా పరీక్ష మోటుది. అడితిలో ఉన్న ప్రతి జాతి కలప నుంచీ ఒకే పొడవు, ఒకే లావు బద్దలు కోయించాను. ఒక కొస పట్టుకుని రెండో కొసతో గడప ముందరి కడప బండను పొడవడం, మణికట్టుకు ఏం తెలుస్తుందో చూసుకోవడం. నారేప మానుతో పొడిస్తే పళ్లు కూడా జివ్వుమన్నాయి. తుమ్మ అంతకన్నా కాస్త నయం. టేకు మెత్తనే, కానీ సన్నగా చెక్కితే అందులో బలం చాలదు, బంతి ముందుకు పోదు. పెద్ద వ్యాపారి పొద్దస్తమానం బండను పొడుస్తూ కూర్చుంటే పనివాళ్లు ఏమనుకుంటారు? పిచ్చి పట్టిందనే అనుకున్నారు.

మా వీధికి తుంగభద్ర నీళ్లు కావడి మీద వచ్చేవి. ఒకనాడు ఆ కావడి మోసే మనిషి రెండు బిందెలతో నడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. అడుగడుగుకూ కావడి బద్ద రెండు కొసలూ కిందికి ఊగుతున్నాయి, పైకి లేస్తున్నాయి. కుదుపంతా బద్దే మింగుతోంది, భుజానికి చేరనివ్వడం లేదు. ఆ బద్దలు అమ్మేది నేనే! తడ మాను, నల్లమల నుంచి వస్తుంది. వంగుతుంది, విరగదు, వదిలితే మళ్లీ తిన్నగా నిలబడుతుంది. పరుగున పోయి ఒక బద్ద తీసి బండను పొడిచాను. చేతికి తగిలింది, కానీ ఎవరో భుజం తట్టినట్టు తగిలింది. ఆ ఆనందంలో అడితిలో ఉన్నవాళ్లందరికీ టీ తెప్పించాను.

ఆ తరువాత ఎక్కడా తడుముకోలేదు. ముందు భాగానికి తడ, అదీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చార సూటిగా పోయిన ముక్క. వెనక పట్టుకునే భాగానికి, పాత మిద్దె కూల్చినప్పుడు దిగిన టేకు దూలం. ఎండవలసినంత ఎండింది, ఇక వంకర పోవడానికి దానికి ఓపిక లేదు. మామ పాత కర్ర మొనకు రోకలికి ఉన్నట్టు ఇత్తడి పొన్ను ఉండేది. అదురంతా అక్కడే పుడుతోందని దాన్ని కాదని, దువ్వెనలు చేసేవాళ్ల దగ్గర ఎనుము కొమ్ము తెచ్చి పొన్ను చేయించాను. దాని మీద బంతికి తగిలే తోలు బిళ్ల. మేక తోలు పల్చన. చెప్పు అడుగుకు వేసేది మరీ గట్టి. ఎనుము కడుపు దగ్గరి తోలు, మందంగా ఉండి వేలితో నొక్కితే కొంచెం లొంగేది, అదే ఎంచాను. వడ్రంగికి ఇవేవీ నచ్చలేదు. కొమ్ము పగులుతుందన్నాడు, అతుకు నిలవదన్నాడు. పగలలేదు, నిలిచింది.

కర్ర తెచ్చి చేతిలో పెడితే మామ దాన్ని ఎత్తి, ఒక కన్ను మూసి, కొస దాకా చూసుకున్నాడు. ఆదివారం క్లబ్బుకు పోదామన్నాడు.

ఆదివారం బల్ల చుట్టూ నిలబడడానికి చోటు లేదు. మామ సుద్ద రాసుకుని వంగాడు. మొదటి దెబ్బ ఎలాగో తగిలింది. రెండోది జారింది. కర్ర మొన బంతి మీద నుంచి పక్కకు తప్పుకుంది. మళ్లీ సుద్ద రాశాడు, మళ్లీ జారింది. ఆ తరువాతదీ అంతే. పాపం, ఆ చెయ్యి ఇక పనికిరాదని ఎవరో జాలిపడ్డారు. బద్వేలు పెద్దమనిషి నా వైపు చూసి మీసం సవరించుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మామ కర్రను నా చేతికిచ్చి, కండువా దులుపుకుని బయటికి నడిచాడు.

తోలు బిళ్ల వైపు చూశాను. అంత సుద్ద రాసినా ఒక్క రవ్వ అంటలేదు. నల్లగా, నున్నగా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన గుప్పుమంది. మా వైపు కొత్త చెప్పులు కరిస్తే ఆముదం, ఎద్దుల పగ్గాలు బిరుసెక్కితే ఆముదం. తోలు మెత్తబడాలంటే మాకు తెలిసిన మందు అదొక్కటే. కానీ నూనె తాగిన తోలుకు సుద్ద అంటదు, సుద్ద అంటకపోతే అది బంతిని పట్టదు. మామ ఇంట్లో ఆముదం గిన్నె ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పరుగెత్తి రోడ్డు మీద మామను పట్టుకున్నాను. చేతిలో ఏ లోపమూ లేదనీ, ఇదంతా అత్త చేసిన పనేననీ, ఇప్పుడే పోయి ఆమెను కడిగేస్తాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"నాకు తెల్సులేరా" అన్నాడు మామ. "పొద్దున నేను చూస్తాండగానే పూసింది."

తెలిసి తెలిసి అంతమంది ముందు పరువెందుకు తీసుకున్నావని అరిచాను. మామ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇన్నేండ్లు ఆ కట్టెను ముట్టింది కాదు మీ అత్త. పొద్దున ఒళ్లో పెట్టుకోని, నా చేతికి రాసినట్ల దానికీ రాస్తాండాది. మెత్తగుండల్ల, ఆయనకు నొయ్యకూడదు అని దాంతో చెప్తాండాది. వద్దని ఎట్ల చెప్పేదిరా?"

నా కోపం ఎక్కడిదక్కడ దిగిపోయింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి, ఆ మొదటి దెబ్బ బంతికి తగిలింది కదా, అప్పుడు చెయ్యి లాగిందా అని అడిగాను. మామ మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ల్యా" అన్నాడు. "ఏమీ తెలీల్యా."

మర్నాడు పాత బిళ్ల ఊడదీసి కొత్తది వేశాను. సాయంత్రం మామ ఆడాడు. బంతులు ఆయన చెప్పిన చోటికి పోయాయి. ఆట అయ్యేదాకా ఒక్కసారి కూడా మణికట్టు పట్టుకోలేదు. అది ఏ మాను అని బద్వేలు పెద్దమనిషే వచ్చి అడిగితే, కుర్చీలో వెనక్కి వాలి తీరిగ్గా చెప్పాను.

ఇంటికి వెళ్లేసరికి అత్త వాకిట్లోనే కూర్చుని ఉంది. చెయ్యి ఎట్లుందని కళ్లతోనే అడిగింది. మామ కర్రను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నీ ఆముదం శానా బాగ పన్జేసింది" అన్నాడు.

ఆమె తల వంచుకుని తోలు బిళ్లను బొటనవేలితో నొక్కి చూసింది. కొత్తదని పోల్చుకోలేదు. రేపు కూడా ఆడేదానికి పోతావా అని అడిగింది. పోతానన్నాడు మామ.

"అయితే ఇంకొంచెం పట్టిస్తా ఉండు" అని ఆముదం గిన్నెను దగ్గరికి లాక్కుంది.

పొద్దున లేవగానే నేను పోయి ఒక ఎనుము తోలు మొత్తం కొనుక్కొచ్చాను.