ఏడు చుట్లు కాదు, ఐదు

2019 ఆగస్టులో జహీరాబాద్ దగ్గర కొత్తగా పెట్టిన ఒక బ్యాటరీ సెల్లుల కర్మాగారంలో కొలతల విభాగం సూపర్‌వైజరుగా చేరాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు ట్రాక్టర్ విడిభాగాల షెడ్లలో గేజీలు, మైక్రోమీటర్లతో పనిచేశాను. చదివింది ఐటీఐ ఫిట్టర్. లెక్కలు పాత పుస్తకాలు కొనుక్కొని సొంతంగా నేర్చుకున్నవి. నా పైఅధికారి అభివృద్ధి విభాగం అధిపతి ప్రసాద్ గారు. ఆయనది కాకినాడ వైపు, ఎం.టెక్ చదివిన మనిషి. నేను అక్కడ పనిచేసిన ఐదేళ్లలో మా విభాగం నుంచి ఒకే ఒక్క పేటెంటు దరఖాస్తు పోయింది. అది ఎందుకు పోగొట్టుకున్నామో రాస్తున్నాను.

ముందు వస్తువు గురించి చెప్పాలి. చుట్టిన సెల్లులో రసాయన మందు పూసిన రెండు రేకులుంటాయి. ఒకటి రాగి, ఒకటి అల్యూమినియం. అవి ఒకదానికొకటి తగలకుండా సెపరేటర్ అనే పలుచని ప్లాస్టిక్ పొరలు రెండు. ఈ నాలుగింటినీ కలిపి మాండ్రెల్ అనే సన్నని కడ్డీ మీద చాప చుట్టినట్టు చుడతారు. కరెంటు బయటికి రావడానికి రేకు అంచున నాలుకల్లాంటి ముక్కలు వదులుతారు. వాటినే ట్యాబులంటారు. మా డిజైనులో చుట్టుకొక ట్యాబు. చుట్టడం పూర్తయ్యేసరికి ట్యాబులన్నీ ఒకే వరుసలో నిలబడాలి, లేకపోతే వెల్డింగు కుదరదు.

ట్యాబులు కోసేది మాత్రం రేకు చదునుగా ఉన్నప్పుడు. ప్రతి చుట్టూ ముందుదానికంటే పెద్దది కాబట్టి ట్యాబుకూ ట్యాబుకూ మధ్య దూరం పెరుగుతూ పోవాలి. నాలుగు పొరల మందం 0.35 మిల్లీమీటర్లయితే చుట్టుకు 2.2 మిల్లీమీటర్లు పెంచాలి. ఇక్కడిదాకా ఎవరైనా లెక్క కట్టగలరు. కానీ మందంలో నూరోవంతు మిల్లీమీటరు తేడా వస్తే, ఆ తేడా చుట్టు చుట్టుకూ పోగై ఇరవయ్యో చుట్టులో ట్యాబు పదమూడు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ట్యాబు వెడల్పు ఆరు మిల్లీమీటర్లే. మొదటి ఐదు నెలలు మాకు జరిగింది ఇదే. పది రోల్సు చుడితే నాలుగు పనికిరాకుండా పోయేవి.

కారణం పట్టుకున్నది నేను కాదు, ప్రసాద్ గారూ కాదు. వైండింగ్ యంత్రం మీద పనిచేసే ఎస్తేరు. రాయికోడ్ నుంచి రోజూ బస్సులో వచ్చే కాంట్రాక్టు కార్మికురాలు. నలభైకి దగ్గర పడిన మనిషి, పదో తరగతి దాకా చదివింది. పనికిరాని రోల్సును పారేయకుండా విప్పి, ఏ చుట్టులో ట్యాబు ఎంత జరిగిందో స్టీలు స్కేలుతో కొలిచి, తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసేది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"లోపటి చుట్లు గట్టిగ అదుముకుంటున్నయ్ సార్, బయటియి గంత లేవు. మీరేమో అన్నిటికి ఒక్కటే లెక్క పెడుతున్నరు. ఏడు చుట్ల దాకా జర తక్కువ ఇయ్యున్రి, ఆ మీద మీ లెక్కనే పెట్టున్రి" అన్నది.

నేను కాగితం మీద వేసి చూశాను. రేకును లాగే బిగువు ఒకటే అయినా, చుట్టు ఎంత చిన్నదైతే లోపలి పొరల మీద ఒత్తిడి అంత ఎక్కువ. లోపలి చుట్లలో సెపరేటర్ ఎక్కువగా అణుగుతుంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. యంత్రంలో సెట్టింగు ఆమే మార్చింది. పాడయ్యే రోల్సు పదికి నాలుగు నుంచి నూటికి మూడుకు దిగాయి.

ఆ మరుసటి సంవత్సరం పేటెంటుకు దరఖాస్తు చేయాలని నిర్ణయించారు. ఫారం 1 అనే దరఖాస్తు పత్రంలో ఆవిష్కర్తల పేర్లు రాసే గడి ఉంటుంది. అందులో ప్రసాద్ గారి పేరు, నా పేరు ఉన్నాయి. ఎస్తేరు పేరు ఏదని అడిగాను.

"ఆవిడ మన హాజరుపట్టీలోనే లేదండీ. కాంట్రాక్టరు మనిషి. రేపు ఆ కాంట్రాక్టరు వచ్చి హక్కు నాదంటే ఏం చెప్తాం? అయినా మెషీన్ తిప్పేవాళ్లంతా ఆవిష్కర్తలైతే ఇక మీరూ నేనూ ఎందుకు?" అన్నారు ప్రసాద్ గారు.

అది చట్టం కాదు. ఆవిష్కర్త ఎవరి జీతగాడన్నది చట్టం అడగదు, ఆలోచన ఎవరిదన్నదే అడుగుతుంది. హక్కు కంపెనీకి రాసివ్వడానికి వేరే పత్రం ఉంది. ఆ రోజే ఈ మాట చెప్పగలిగినంత చదివి ఉన్నాను. చెప్పలేదు. అచ్చులో నా పేరు చూసుకోవాలన్న ఆశ ఉంది. సంతకం పెట్టాను.

పేటెంటు కార్యాలయంలో దరఖాస్తును ముందుగా పరిశీలకుడు చదువుతాడు. అదే విషయం ప్రపంచంలో ఎక్కడైనా ఇదివరకే అచ్చయిందేమో వెతికి, అభ్యంతరాలతో నివేదిక తయారుచేస్తాడు. ఆ నివేదికకు ఆరు నెలల్లో జవాబివ్వాలి. తీర్పు చెప్పేది అతని పైనుండే కంట్రోలరు. మా నివేదిక రెండేళ్లకు వచ్చింది. ఏడు పేజీలు. అంత జాగ్రత్తగా మా కాగితాలు మా కర్మాగారంలోనే ఎవరూ చదవలేదు.

మొదటి అభ్యంతరం, ఒక పాత విదేశీ పేటెంటులో పొరలు అణగడం గురించి ఇప్పటికే ఉందని. అది నిజమే, కానీ అందులో అన్ని చుట్లకూ ఒకే సవరణ. మా కొత్తదనమంతా మొదటి కొన్ని చుట్లకు వేరే సవరణ అన్నదే. ఆ 'కొన్ని' ఎన్ని అన్నదాని మీదే మా పేటెంటు నిలబడుతుంది. రెండో అభ్యంతరం సరిగ్గా అక్కడే తగిలింది. హక్కు కోరే వాక్యాలను క్లెయిములంటారు. మా మొదటి క్లెయిములో 'మొదటి ఏడు చుట్లు' అని ఉంది. అదే దరఖాస్తులో, తయారైన సెల్లులను అడ్డంగా కోసి ల్యాబువాళ్లు కొలిచిన రెండో పట్టికలో దూరం మారింది ఐదో చుట్టు తర్వాత. రెంటిలో ఏది నిజం అని పరిశీలకుడు అడిగాడు.

క్లెయిములోని ఏడు నేను రాసింది. రెండో పట్టిక నా చేతుల మీదుగానే వెళ్లింది. లెక్కల మనిషినని కర్మాగారమంతా పేరు తెచ్చుకున్న నేను ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నివేదిక పట్టుకొని వైండింగ్ హాలుకు వెళ్లాను. ఏడు ఎట్లా వచ్చిందని ఎస్తేరును అడిగాను. ఆమె యంత్రం ఆపి కొత్త రోల్ మొదలుపెట్టింది. ముందు సెపరేటర్ ఒక్కటే మాండ్రెల్ మీద రెండు చుట్లు తిరిగింది. ఆ తర్వాత రేకులు లోపలికి వచ్చాయి. యంత్రం మీటరు అప్పుడు ఒకటి చూపించింది.

"మీ మీటరు ఇక్కడికెళ్లి లెక్కపెడ్తది. నేను మొదటికెళ్లి లెక్కపెడ్త" అన్నది.

"రేకు లేని చుట్టును చుట్టని ఎట్ల అంటవమ్మా?"

"చీర కడితె కుచ్చిళ్లకు ముందు చుట్టింది చుట్టు కాదా సార్? మీ ఇంట్ల అడుగున్రి." పక్క యంత్రం మీది ఇద్దరు పని ఆపి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమే అన్నది, "మరి పుస్తకం తీసుకున్న నాడు గీ ముచ్చట అడగకపోతిరి."

ఆమె ఏడులో రెండు ఒట్టి చుట్లు. రేకు చుట్లు ఐదు. యంత్రంలో సెట్టింగు తనదే కాబట్టి రోల్సు సరిగ్గా వచ్చాయి. కాగితం మీద మాత్రం ఆమె అంకెను నా లెక్కలో పెట్టి తప్పు చేశాను.

దరఖాస్తు దాఖలయ్యాక కొత్త విషయం చేర్చకూడదు. ఉన్న తప్పును దిద్దుకోవచ్చు, అది తప్పేనని చూపించగలిగితే. చూపించడానికి మా దగ్గర ఉన్నది ఒక్కటే, తేదీలతో సహా ఎస్తేరు రాసిన నోటుబుక్కు. మొదటి పేజీలోనే ఒట్టి చుట్లు రెండూ ఒకటి, రెండు అని గీసి ఉన్నాయి. దాని నకలు, రాసిన మనిషి ప్రమాణపత్రం పెడితే సరిపోతుందని హైదరాబాద్ నుంచి వచ్చిన పేటెంటు ఏజెంటు చెప్పాడు. ఏజెంటు అంటే కార్యాలయం ముందు మా తరఫున మాట్లాడే అర్హత ఉన్నవాడు.

ప్రసాద్ గారు ఏజెంటును పంపేసి, తలుపు వేసి, నాతో అన్నారు. "ఆ పుస్తకం బయటికి పోతే ఆవిష్కర్త ఎవరని అడుగుతారు. మీరే ఒక లాగ్‌బుక్ రాయండి. తేదీలు అవే వేయండి. అంకెలు నిజమేగా, ఇందులో అబద్ధమేముంది?"

"అంకెలు నిజమే సార్. రాసిన చెయ్యి అబద్ధమైతది" అన్నాను.

ఆయన నాకు ఉద్యోగ నియమాలు గుర్తుచేశారు. నేను ఆయనకు ప్రమాణపత్రంలో అబద్ధం రాస్తే ఏమవుతుందో గుర్తుచేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో పైఅధికారి ముందు గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

చట్టంలో ఒక దారి ఉంది. తన పేరు వదిలేశారనుకున్న మనిషి ఫారం 8 వేసి, పేటెంటు మంజూరయ్యేలోపు తన పేరు చేర్చమని కోరవచ్చు. ఈ సంగతి ఎస్తేరుకు క్యాంటీనులో చెప్పాను. పేరు రాస్తే ఏమొస్తదని అడిగింది. ఏమీ రాదన్నాను. పేరు ఉన్నంత మాత్రాన ఏ హక్కూ రాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉందని చదివి వినిపించాను.

"ఏం రాని దానికి గా సారు గంత ఎందుకు భయపడుతున్నడు?" అన్నది. అన్నం డబ్బాకు మూత పెట్టింది. "మా ఆయన రోజు అంటడు, బటన్ ఒత్తుడే గదనే నీ పని అని. సంతకం యాడ పెట్టాలె చూపెట్టున్రి."

ఫారం 8 వేస్తే దాని నకలు దరఖాస్తుదారుకు, అంటే కంపెనీకి వెళుతుంది. నకలు వచ్చిన మూడో రోజు ఎస్తేరును ప్యాకింగుకు మార్చారు. నాకు మెమో ఇచ్చారు.

పుస్తకం జతచేయకుండానే నివేదికకు జవాబు వెళ్లింది. దాని మీద కంట్రోలరు విచారణ వీడియోలో జరిగింది. మా సమావేశ గదిలో ప్రసాద్ గారు, ఏజెంటు, నేను కూర్చున్నాం. ఏడు అన్నది అచ్చుతప్పని ఏజెంటు మొదలుపెట్టాడు. ఒకే అచ్చుతప్పు దరఖాస్తులో నాలుగు చోట్ల ఎలా పడుతుందని కంట్రోలరు అడిగారు. అప్పట్లో రాసుకున్న పుస్తకమేదైనా ఉందా అన్నారు. లేదని ప్రసాద్ గారు తడుముకోకుండా చెప్పారు. ఉందని నేను చెప్పాను. ఎవరు రాశారో కూడా చెప్పాను. పేరు విషయం ఫారం 8లో వేరుగా చూస్తామని, పుస్తకం మాత్రం రాతపూర్వక వాదనతో పాటు పదిహేను రోజుల్లో దాఖలు చేయమని కంట్రోలరు అన్నారు. పుస్తకం ఇవ్వడానికి ఎస్తేరు సిద్ధంగా ఉంది. దాఖలు చేయాల్సింది కంపెనీ.

పదిహేనో రోజు దాఖలైన వాదనలో పుస్తకం లేదు. ఏడే సరైనదని, కోసి కొలిచిన సెల్లులు లోపభూయిష్టమైనవని రాశారు. తమ సెల్లులే పాడైనవని చెప్పుకున్నారు గానీ ఆమె పేరు ఉన్న పుస్తకం మాత్రం బయట పెట్టలేదు. దరఖాస్తు తిరస్కరించారు. కంట్రోలరు ఉత్తర్వులో ఒక్క మాట తప్పుపట్టలేను. పేటెంటే లేనప్పుడు అందులో చేర్చే పేరూ లేదు గనుక ఫారం 8 కూడా దానితోనే ముగిసింది. ప్రసాద్ గారు ఆ ఉత్తర్వు చదివి, పోనీలెండి, ఇంకోటి వేద్దాం అన్నారు. ఆ మాటలో ఆయనకు బాధ లేదు. ఎస్తేరుకు చెప్పడానికి నేను ప్యాకింగుకు వెళితే, అట్టపెట్టెకు టేపు అంటిస్తూనే విన్నది. "గంతేనా సార్" అని తర్వాతి పెట్టె అందుకుంది.

నేను నిరుడు, యాభై నాలుగో ఏట, స్వచ్ఛందంగా ఉద్యోగం మానేశాను. దరఖాస్తు చేసిన పద్దెనిమిది నెలలకు అందరికీ కనబడేలా ప్రచురిస్తారు. తిరస్కరించినా ఆ ప్రచురణ చెరిగిపోదు. మొదటి క్లెయిములో ఏడు అనే ఉంది, ఆవిష్కర్తల గడిలో రెండు పేర్లున్నాయి.

ఎవరి దగ్గరైనా అంకె తీసుకుంటే, లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టారో వాళ్లనే అడగాలని ఈ పనిలో నేర్చుకున్నాను. అంకె తప్పని నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. పేర్లు తప్పని సంతకం పెట్టిన రోజే తెలుసు. పరిశీలకుడు కాగితాల్లోంచి పట్టుకోగలిగేది మొదటి తప్పును మాత్రమే. రెండోది పట్టుకోవాల్సింది సంతకం పెట్టేవాడు.