సుద్దముక్కతో గీసిన ఓడ గది

టైలరమ్మ ఆది లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టే మనిషి కాదు. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత చొక్కానో గౌనో తెచ్చి ముందు పడేస్తే, దాన్ని ఆదిగా పెట్టుకుని కొత్తది కత్తిరించేది. నడుం ఇంత, భుజం ఇంత అని నోటితో కొలతలు చెప్పేవాళ్ళను గుమ్మంలోంచే వెనక్కి పంపేది. మనుషులు తమ ఒంటి గురించి చెప్పుకునేదాంట్లో సగం కోరిక, సగం అబద్ధం అని ఆవిడ లెక్క. అలా ముందు గదిలో మిషను వేసుకుని, చుట్టుపక్కల బళ్ళన్నిటికీ యూనిఫాంలు కుట్టి, ఇద్దరు మగపిల్లల్ని పెంచి పెద్దచేసింది. ఆ చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుట్టింది ఆవిడ భర్త. నోట్లో నాలుక లేని మనిషి. అందరూ ఆయన్ను కాజాల తాత అంటారు. ఇంట్లో ఉన్న మాటలన్నీ ఆవిడే ఖర్చు పెట్టేసిందని, ఆయన వాటాకు సూదీ దారమే మిగిలాయని వీధిలో నవ్వుకునేవారు. ఆవిడ చెవిన పడినా ఊరుకునేది, నిజమే గనక.

ఆ ఇద్దరు కొడుకులూ ఇప్పుడు ఎడమొహం పెడమొహం. పెద్దోడికి మందుల కొట్టు ఉంది. చిన్నోడు బస్సులు బాగుచేసే షెడ్డులో మేస్త్రీ. రెండేళ్ళ కిందట కాజాల తాతకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు చిన్నోడు పని మీద పొరుగూళ్ళో ఉన్నాడు. వాడు కంగారుపడి బండేసుకుని వచ్చేస్తాడేమోనని పెద్దోడు నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు. ఆపరేషన్ అయి, తాత కళ్ళు తెరిచి, పాలు తాగాక అప్పుడు తీరిగ్గా ఫోన్ చేశాడు.

"నాన్నకి జరగరానిది జరిగుంటే? నేను కొడుకునా, దారినపోయేవాడినా?" అని అడిగాడు చిన్నోడు.

"నీ మంచికే చేశా," అన్నాడు పెద్దోడు.

ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. అప్పట్నుంచి పెద్దోడు ఆదివారం పొద్దున వస్తే చిన్నోడు సాయంత్రం వస్తాడు. పొరపాటున ఎదురుపడితే మాటలు తల్లి మీదుగా నడుస్తాయి.

"అమ్మా, ఆ బండి గుమ్మానికి అడ్డం తియ్యమని వాడికి చెప్పు."

"అమ్మా, టీ తాగి తీస్తానని ఆయనకి చెప్పు."

చేతికందేంత దూరంలో కూర్చున్న ఇద్దరు మొగాళ్ళకు మధ్య మాటలు మోసే ఉద్యోగం టైలరమ్మకు జీతం లేకుండా వచ్చి పడింది. తిట్టేది, మోసేది. మిషను ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం ఒకటే ఆలోచన. తామిద్దరూ పోయాక ఈ మాటలు మోసేదెవరు? ఒకడికి కష్టమొస్తే ఇంకొకడికి కబురు ఎవరి నోట అందాలి? బతికుండగానే ఆ ముడి విప్పాలి. ఎలా విప్పాలో అంతుపట్టడం లేదు.

కోడళ్ళిద్దరికీ మాత్రం తేనెలూరే స్నేహం. ఫోనులో గంటలు గంటలు గుసగుసలు. అత్తామామల పెళ్ళై యాభై ఏళ్ళవుతోందని, అందరూ కలిసి వారం రోజులు ఓడెక్కి సముద్రం మీద తిరిగి రావాలని వాళ్ళే పథకం వేశారు. కొడుకులిద్దరూ సరేనన్నారు. కాదంటే మంచి కొడుకన్న పేరు ఎక్కడ రెండోవాడు కొట్టేస్తాడోనని ఇద్దరికీ భయం. ఇక ఏ ఓడ అన్నదే తేలాలి. అది అమ్మ ఇష్టమని ఇద్దరూ అన్నారు, ఎవరికి వారు, వేరువేరు పూటల్లో.

ఒకరోజు మధ్యాహ్నం పెద్ద కోడలు రెండు రంగుల పుస్తకాలు తెచ్చి కత్తిరింపు బల్ల మీద పరిచింది.

"ఇది పెద్ద ఓడ అత్తయ్యా. ఓడ కాదు, ఒక పట్నమే అనుకోండి. ఎన్ని అంతస్తులో. లోపల సినిమా హాలు, ఈత కొలనులు, బజారు, చెట్లతో పార్కు కూడా ఉందట."

"సముద్రం ఉందా?"

"అదెందుకుండదు, చుట్టూ ఉంటుంది."

"అంత సరుకు ఎక్కించాక దానికి చోటు మిగిలిందో లేదోనని అడిగాలే."

చిన్న కోడలు రెండో పుస్తకాన్ని వేలికొసలతో ముందుకు నెట్టింది. "ఇదేమో చిన్న ఓడ. ఇందులో ఏమీ లేదండీ. ఒకటే భోజనాల గది, నడవడానికి ఒకటే వసారా. పొద్దున చూసిన మొహాలే సాయంత్రమూ చూడాలి. మీ అబ్బాయికైతే బొత్తిగా నచ్చలేదు."

"మా ఆయనకీ అంతే," అంది పెద్ద కోడలు. "పెద్దదైతేనే వస్తానన్నారు."

టైలరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. కొడుకులిద్దరూ ఒకే మాట అని రెండేళ్ళయింది. ఎందుకన్నారో ఆవిడకు విడమర్చి చెప్పక్కర్లేదు. పెద్ద ఓడలో ఒకడు పై అంతస్తు పట్టుకుంటే ఇంకొకడు కింది అంతస్తు పట్టుకుంటాడు. వారం తిరిగేసరికి ఒకరి నీడ ఒకరి మీద పడకుండా ఒడ్డుకు చేరతారు. ఫొటోకి మాత్రం పక్కపక్కన నిలబడి పళ్ళికిలిస్తారు. చిన్న ఓడైతే ఎక్కడికి పోతారు?

"చిన్నదే," అంది.

పెద్దోడి కూతురు బల్ల కిందనుంచి తల బయటపెట్టింది. "నానమ్మా, పెద్ద ఓడలో జారుడుబల్ల ఉంది."

"జారడానికి సముద్రం దాకా పోవాలా? నేను తడిగుడ్డతో తుడిచినప్పుడు వంటింట్లోకి రా."

"గదులు మరీ అగ్గిపెట్టెలట అత్తయ్యా," పెద్ద కోడలు ఇంకా ఆశ వదులుకోలేదు. "కొలతలు ఇందులోనే వేశారు, చూడండి."

"అచ్చేసిన కొలతలూ నోటి కొలతలే. వచ్చే ఆదివారం పొద్దున్నే అందరూ రండి. గదికి ఆది తీద్దాం. అందరూ అన్నానా? ఒక్క మొహం తగ్గినా ఓడా లేదు, గీడా లేదు."

ఆ ఆదివారం కొడుకులిద్దరూ ఒకే పూట వచ్చారు. ఒకడు గోడ మీది కాలెండరు చూస్తుంటే ఇంకొకడు కిటికీ ఊచలు చూస్తున్నాడు. టైలరమ్మ కుర్చీలన్నీ వంటింట్లోకి తోయించి, చీరకుచ్చెళ్ళు ఎగదోపి, టేపు పట్టుకుని నేల మీద కూర్చుంది. పెద్ద కోడలు పుస్తకం చూసి చెబుతుంటే సుద్దముక్కతో చిన్న ఓడ గదిని గీసింది. నాలుగు గోడలూ అయ్యాక కోడలు నాలుక కరుచుకుంది.

"స్నానాల గది కూడా ఆ కొలతలోదేనట అత్తయ్యా. వేరే కాదు."

ఆవిడ ఒక మూల చెరిపి లోపలికి ఇంకో గీత గీసింది. గది మరింత కుంచించుకుపోయింది. గుమ్మం కోసం జానెడు జాగా వదిలి, గీతల మధ్యకు కత్తిరింపు బల్ల జరిపించింది.

"ఇది పై పడక. దీని కింద కింది పడక. ఆడవాళ్ళం ఒక గది, మగాళ్ళు ఒక గది. ముందు మీ ముగ్గురూ పడుకోండి, చూస్తాను."

"అమ్మా, ఇదేం ఆట," అన్నాడు పెద్దోడు.

"ఆటో పాటో, ఎక్కు."

పెద్దోడు బల్లెక్కాడు. చిన్నోడు బండి తాళం బల్ల కొసన పెట్టి కిందకి దూరాడు. తాత సుద్దతో గీసిన గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని బుద్ధిగా పడుకున్నాడు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ బల్ల కిందే, గుడ్డముక్కల్లో, ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని నిద్రపోయేవారు. ఆ బల్లే ఇవాళ తన తరఫున నాలుగు ముక్కలు మాట్లాడుతుందని టైలరమ్మ నమ్మకం. తెలివైనవాళ్ళు చేసే తెలివితక్కువ పని అంటే అదే.

కాసేపటికి బల్ల కిర్రుమంది.

"అమ్మా, మోకాలు దించుకోమని వాడికి చెప్పు. కింద నుంచి బల్లకి తగులుతోంది."

"కాళ్ళు చాపితే గోడ దాటిపోతానని ఆయనకి చెప్పు."

"ఉన్నదాంట్లో సర్దుకోవాలని చెప్పు. నాన్న అట్లాగే పడుకున్నారు కదా."

కింద నుంచి చిన్నోడు ఈసారి తల్లి మీదుగా పంపలేదు. "ఆ రోజు నాన్న గురించి ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదు. ఇవాళ నా మోకాలు గురించి చెప్పడానికి వచ్చిందా?"

చిన్నోడు బల్ల కిందనుంచి లేచాడు. గుమ్మంలో తండ్రి పడుకుని ఉన్నాడు, దాటలేడు. సుద్దగోడలోంచే నడిచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

"బాబాయ్ సముద్రంలో పడ్డాడు," అంది మనవరాలు. తల్లి దాని నోరు మూసింది.

టైలరమ్మ చేతిలో సుద్దముక్క రెండైంది. రెండేళ్ళకి ఒకడి నోట సూటిగా మాట వచ్చింది కదా అని సంతోషించాలో, వచ్చినందుకు ఏడవాలో తెలియలేదు. పెద్దోడు బల్ల మీద లేచి కూర్చుని తన కాళ్ళు తనే చూసుకుంటున్నాడు.

కాజాల తాత పడుకున్నచోటు నుంచే గొంతు సవరించుకున్నాడు.

"బడి పిల్లల బట్టలన్నిటికీ అంచు మడతలో గుడ్డ వదిలి కుట్టేదానివి."

"పెరిగే పిల్లలు, వదలకపోతే ఎట్లా? అయినా ఇప్పుడా గొడవ ఎందుకు మీకు?"

"మనవాళ్ళిద్దరికీ మాత్రం బిగించి కుడుతున్నావు," అన్నాడాయన, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.

ఆవిడకు చురుక్కుమంది. అంతలో పెద్దోడి కంట బల్ల కొసనున్న తాళం పడింది. దాన్ని తీసుకుని బయటికి వెళ్ళాడు.

టైలరమ్మ కిటికీ దగ్గరికి చేరింది. ఊరివాళ్ళ ఇళ్ళ సంగతులన్నీ చెవిన వేసుకునే మనిషికి తన కొడుకుల మాటలు మాత్రం అంత దూరానికి వినపడలేదు. చిన్నోడు బండికి ఆనుకుని ఉన్నాడు. తాళం లేక ఆగాడో, ఆగాలని ఆగాడో. పెద్దోడు చెయ్యి చాపాడు. చిన్నోడు తాళం అందుకున్నాడు గానీ బండికి పెట్టలేదు. ఇద్దరూ చెరో వైపుకి చూస్తూ, మధ్యలో మూడో మనిషి పట్టేంత ఎడం వదిలి నిలబడ్డారు. పెద్దోడు ఏదో అన్నాడు. చాలాసేపటికి చిన్నోడు ఏదో అన్నాడు. మనుషుల భుజాలు చూడ్డం అలవాటైన ఆవిడకు, చిన్నోడి భుజం కాస్త కిందకి దిగడం మాత్రం కనిపించింది.

ఇటుక గోడైతే వాడు బయటికి పోగలిగేవాడా? పోనివాడు మళ్ళీ రాగలిగేవాడా?

ఇద్దరూ లోపలికొచ్చారు, ఒకరి వెనక ఒకరు. టీ కప్పు అందుకుంటూ పెద్దోడు, "అమ్మా, తాళం ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దని వాడికి..." అన్నాడు.

"నా నోరు ఇవాళ్టి నుంచి అద్దెకి లేదు," అంది టైలరమ్మ. "ఓడ సంగతి వినండి. పెద్దదే ఎక్కుదాం."

కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మొన్న అంత గట్టిగా చిన్నదన్నారు కదండీ?"

"అన్నాను. కుట్టింది బిగువైతే విప్పి మళ్ళీ కుట్టనా? పగలంతా ఎవరికి నచ్చిన అంతస్తులో వాళ్ళు ఊరేగండి, నేనడగను. రాత్రి భోజనానికి మాత్రం రోజూ ఒకటే బల్ల, ఒకటే వేళ. అందరూ కూర్చుంటేగానీ నేను చెంచా ముట్టను. అట్లా కుదురుతుందేమో టికెట్ల అమ్మాయిని అడుగు."

చిన్న కోడలు అక్కడికక్కడే ఫోన్ చేసింది. కుదురుతుందట. ముందుగా చెబితే వారమంతా అదే బల్ల మన పేరు మీద ఉంచుతారట. కొడుకులిద్దరూ టీలోకి చూస్తూ తలూపారు.

ఓడెక్కిన మొదటి రోజు ఆవిడ అనుకున్నట్టే అయింది. ఎక్కగానే ఒకడు ఈత కొలను వైపు, ఒకడు ఇంజను గది చూపిస్తారేమో కనుక్కోవడానికి పోయాడు. మనవరాలు జారుడుబల్ల దగ్గరే కాపురం పెట్టింది. టైలరమ్మ, తాత వసారాలో కుర్చీలేసుకుని సముద్రాన్ని చూశారు. ఉంది, చుట్టూ. ఆవిడ పొద్దుగూకేదాకా దాని మీద ఒక్క వంకా పెట్టలేదు, అదే పెద్ద విశేషం.

రాత్రి భోజనాల హాల్లో గుండ్రటి బల్ల చుట్టూ అందరూ చేరారు. ఒక కుర్చీ ఖాళీ. చిన్నోడిది. సూప్ వచ్చింది. ఆవిరి తగ్గింది. టైలరమ్మ చెంచా ముట్టలేదు. మాటంటే మాటే. కళ్ళు మాత్రం హాలు గుమ్మం మీదే ఉన్నాయి. నేనే కదా ఇంత జాగా ఇచ్చింది, వాడు రాకపోతే?

"ఫోన్ కలవట్లేదు," అంది చిన్న కోడలు.

పెద్దోడు ఒళ్ళో పరుచుకున్న నాప్కిన్ గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. తల్లి వైపు చూడలేదు, ఏ కబురూ పంపమనలేదు. "వాడికి చిన్నప్పట్నుంచీ దిక్కులు తెలిసి చావవు. నేను చూసొస్తా," అని లేచాడు.

సూప్ పూర్తిగా చల్లారాక ఇద్దరూ కనిపించారు. హాలు ఆ చివరి గుమ్మం దగ్గర నుంచే గొంతులు వినబడుతున్నాయి.

"లిఫ్టు దిగి కుడికి తిరగాలి అని గోడ మీద రాసుంది కదరా."

"అది ముందు వైపు లిఫ్టు. నేను వెనక వైపుది ఎక్కాను. నీకు తెలీకపోతే ఊరుకో."

"తెలీకపోతే నిన్నెలా పట్టుకున్నాను?"

"నువ్వు పట్టుకున్నావా? నేనే నిన్ను చూసి పిలిచాను. నువ్వు ఎదురుదిక్కులో పోతున్నావు."

కూర్చున్నాక కూడా ఆపలేదు. కుడో ఎడమో తేలక బల్ల మీద ఉప్పు డబ్బీని ముందు లిఫ్టుగా, మిరియాల డబ్బీని వెనక లిఫ్టుగా పెట్టుకుని వాదించుకుంటున్నారు. మధ్యలో తల్లి ఉందన్న ధ్యాసే ఇద్దరికీ లేదు. కాజాల తాత చల్లటి సూప్‌నే ఇష్టంగా తాగుతున్నాడు.

టైలరమ్మ చెంచా చేతికి తీసుకుంది. ఎవరూ తన వైపు చూడటం లేదని రూఢి చేసుకున్నాక, కళ్ళు తుడుచుకోవడానికి ఒళ్ళో ఉన్న గుడ్డ అంచు పైకెత్తింది. ఎత్తాక ఊరుకోలేక అంచు తిప్పి మడత చూసింది. లోపల వేలెడు గుడ్డ వదిలి కుట్టారు.

"కుట్టినవాళ్ళకి పని వచ్చు," అంది తాతతో. "సూప్ మాత్రం నీళ్ళు."