ఫ్రాన్సుకి పంపిన ప్రసాదం

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళు కుర్రాడి గురించి అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, "పర్మనెంటా, టెంపరవరీయా?" అన్నది. పెళ్ళి మాటల్లోనూ అదే, పేరంటాల్లోనూ అదే. నేను అప్పటికి ఆర్నెల్లుగా టెంపరవరీని. అందువల్ల ఎవరూ నా పేరు దాకా రాలేదు. నన్ను ఆ టెంపరవరీలో అయినా పెట్టించినవాడు మా మావ, అంటే మా అమ్మ తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చేసి, ఐసు మిషన్లతో జీవితం గడిపిన మెకానిక్. ఊళ్ళో బర్మామైన్స్ పేట చివర ఒక పాత ఐసు ఫ్యాక్టరీని మా సేట్ కొన్నప్పుడు, మిషన్లతో పాటు మావ కూడా ఆయనకి దఖలు పడ్డాడు.

సేట్ అక్కడ ఐసు మానేసి, ఓడల మీద విదేశాలకు వెళ్ళే గడ్డకట్టించిన సరుకు తయారు చేయించేవాడు. సరుకంటే కప్ప కాళ్ళు. వానాకాలంలో చుట్టుపక్కల పొలాల్లో పట్టినవి, శుభ్రం చేసి, అట్టపెట్టెల్లో పేర్చి, రాయిలా గడ్డకట్టించి, కలకత్తా రేవు మీదుగా ఫ్రాన్సుకి పంపేవాళ్ళం. (తర్వాత ప్రభుత్వం ఈ వ్యాపారం ఆపించింది. మంచి పనే చేసింది. కానీ అప్పట్లో నాకు కప్పల మీద కన్నా నా మీద జాలి ఎక్కువ.) "ఏటిరా ఆ డబ్బాల్లో?" అని అమ్మ అడిగితే, "మటర్, మా" అని హిందీలో చెప్పేవాణ్ణి. పచ్చిబఠాణీలని ఆవిడ సంతోషించేది. అబద్ధం హిందీలో చెబితే పాపం కాస్త తక్కువని నా నమ్మకం.

ఆ ఏడు సెప్టెంబరులో మొదటిసారి ఓడ కంపెనీవాళ్ళు మా యార్డుకే ఒక రీఫర్ కంటెయినర్ పంపారు. రీఫర్ అంటే మరేం కాదు, రైలు వ్యాగనంత ఇనప పెట్టె, దాని మొహాన ఒక చల్లదనం మిషను. లోపల సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు దిగువన ఉండాలి, ఫ్రాన్సు చేరేదాకా. ఉన్నదీ లేనిదీ చెప్పడానికి పైన అద్దం వెనక ఒక గుండ్రటి కాగితం, దాని మీద ఒక పెన్ను. కాగితం కీ ఇచ్చిన గడియారంలా వారానికో చుట్టు తిరుగుతూ ఉంటుంది, పెన్ను గీస్తూ ఉంటుంది. చల్లదనం నిలకడగా ఉంటే గీత చక్కగా గుండ్రంగా వస్తుంది, తగ్గితే గీతకి గూని లేస్తుంది. ఆ గీతకి కాపలా నా ఉద్యోగం. "లకీర్ సీధీ, తో నౌకరీ పక్కీ" అన్నాడు సేట్. గీతకి గూని లేకుండా సరుకు ఓడెక్కితే నేను పర్మనెంటన్నమాట. గూని లేస్తే ఏమిటో ఆయన చెప్పలేదు. గేటు వైపు ఒకసారి చూశాడంతే.

పదహారో తారీకున సరుకు ఎక్కించాం. మర్నాడు పదిహేడు, విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్ళో స్క్రూడ్రైవరు కూడా పని చేయదు. రిక్షాకి దండ, లేతు మిషనుకి బొట్టు, ఆఫీసులో టైపు మిషనుకి సైతం సిందూరం. ప్రతి మిషన్నీ ఆపి, కడిగి, పూజించి, మర్నాటిదాకా ముట్టుకోరు. పొద్దున్నే మావ తలస్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని వచ్చి, తిన్నగా రీఫరు స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"మావా, దాన్ని ఆపకూడదు!" అన్నాను.

"ఏటిరా అల్లుడా, ఏడాది పొడుగునా మిషన్లే కదరా మనకి కూడెడతన్నాయి. ఒక్క రోజు దాన్ని నడుం వాల్చనివ్వవేటి?"

"మేరీ నౌకరీ చలీ జాయేగీ, మావా. ఉద్యోగం ఊడుతుంది."

"నీ నౌకరీ ఎవులెట్టించినారు? నాను కాదేటి? దేవుడికి కోపమొత్తే నిన్ను పర్మనెంటు ఎవుడు సేత్తాడు?"

రెండు భాషల్లోనూ కాళ్ళావేళ్ళా పడ్డాను. రోజంతా అన్న మావ మధ్యాహ్నం దాకా అన్న చోటికి దిగాడు, అక్కణ్ణుంచి హారతి అయ్యేదాకా అన్న చోటికి. ఒక గంటలో అయిపోతుందనుకున్నాను. కానీ పంతులుగారు సాక్చిలో నాలుగు వర్క్‌షాపులు ముగించుకుని రావాలి. గంట కాస్తా రెండున్నర గంటలైంది. ఆయన వచ్చాక, లోపలికి కూడా హారతి తగలాలంటూ మావ కంటెయినర్ వెనక తలుపులు బార్లా తెరిచాడు. లోపల ఏమిటని పంతులుగారు అడిగారు. "మటర్" అన్నాను. ఆ తర్వాత నేను అద్దం ముందు నిలబడి, పెన్ను మెల్లగా గూని గీస్తూ ఉంటే రెప్ప వేయకుండా చూశాను. దేన్నీ అంత శ్రద్ధగా చూసి ఎరగను. పంతులుగారు అది భక్తి అనుకుని, నా చేతిలో ఒక లడ్డూ ఎక్కువ పెట్టారు.

పంతొమ్మిదిన లారీ బయల్దేరే ముందు ఆ కాగితం తీసేసి కొత్తది పెట్టాను. తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, బిష్టుపూర్ బజార్లో నీలం సిరా కొని, పక్కింటి పిల్ల జామెట్రీ బాక్సులో కంపాసు అడిగి తెచ్చుకుని, ఖాళీ కాగితం మీద గూని లేని గీత ఒకటి గీశాను. బళ్ళో ఉన్నన్నాళ్ళూ నాకు అంత గుండ్రటి వృత్తం రాలేదు. అసలుదీ నకిలీదీ రెండూ ఫైల్లో పెట్టుకుని లారీతో పాటు కలకత్తా వెళ్ళాను.

రేవులో ఓడవాళ్ళ తరఫున సరుకు పరీక్ష చేసేది ఒక బెంగాలీ పెద్దాయన. నెత్తిన పసుపు హెల్మెట్టు, ముక్కు చివర కళ్ళజోడు. నేనిచ్చిన నకిలీ కాగితం అటూ ఇటూ తిప్పి, "బహుత్ సుందర్" అని మెచ్చుకుని, తలుపు తీయించారు. మొదటి వరస పెట్టెల మీద, విస్తరాకులో, నాలుగు లడ్డూలు, ఒక కొబ్బరి చిప్ప, బంతిపూల దండ. అన్నిటి మీదా తెల్లగా మంచు. ఇది మావ పని అని నాకు చప్పున అర్థమైంది. పెద్దాయన ఒక లడ్డూ తీసి ఇనప తలుపు మీద కొట్టారు. ఠంగుమంది. లడ్డూని చూశారు, కాగితాన్ని చూశారు, నన్ను చూశారు.

"టాటానగర్ నుంచి వచ్చిన డబ్బా. పదిహేడో తారీకున కూడా గీత తిన్నగా ఉంది. మరి ప్రసాదం గోడలోంచి లోపలికి వెళ్ళిందా?" అని హిందీలో నెమ్మదిగా అడిగి, "అసలుది తియ్యి, ఖోకా" అన్నారు. ఖోకా అంటే బెంగాలీలో బాబూ అని. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు కాగితం ఇచ్చాను. ఎంతసేపు ఆపారని అడిగారు. రెండున్నర గంటలన్నాను. మధ్య వరసలోంచి ఒక పెట్టె దింపించి, చిల్లు పొడిచి, థర్మామీటరు గుచ్చారు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. విశ్వకర్మకి మాత్రం మొక్కలేదు, ఆయన మీద నాకు కోపంగా ఉంది. థర్మామీటరు సున్నాకి పదిహేడు డిగ్రీలు దిగువన చూపించింది. పూజ రోజున లోపలి గాలి వేడెక్కింది కానీ సరుకు చెక్కుచెదరలేదు. పెద్దాయన గూని ఉన్న కాగితం మీదే సంతకం పెట్టారు. గూని పక్కన 'పూజ' అని రాసి, సేట్‌కి తానే చెబుతానన్నారు. నకిలీదాన్ని నాకు తిరిగిచ్చి, "దాచుకో, చేయి బాగుంది" అన్నారు.

ప్రసాదం మాత్రం ఓడెక్కడానికి వీల్లేదన్నారు. లడ్డూలు ఎండలో పెట్టి, మెత్తబడ్డాక రెండింటిని ఆయన కళ్ళకద్దుకుని తిన్నారు, నాకు రెండిచ్చారు.

మా ఊరి టాటానగర్ స్టేషన్లో దిగేసరికి మావ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. నా ఉద్యోగం సంగతి అడుగుతాడనుకున్నాను.

"పెసాదం అందిందేటిరా ఆల్లకి?" అన్నాడు.

"అసలెందుకు పెట్టావు మావా?"

"ఆ దేశపోలు ఏటేటో తింతన్నారు కదరా పాపం. ముందల రవ్వంత పెసాదం తింటే దోసం పోతాదని."

ఉద్యోగం పోగొట్టబోయిన మనిషి మీద కోప్పడదామని దారంతా కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టాను. "అందింది మావా. ఓ పెద్దాయన కళ్ళకద్దుకుని తిన్నాడు" అన్నాను. అబద్ధం కాదు కనక తెలుగులోనే చెప్పాను.

"టోపీ ఎట్టుకున్నాడేటి?"

"పెట్టుకున్నాడు. పసుపుది."

మావ పోయేదాకా బర్మామైన్స్‌లో కనిపించిన ప్రతివాడికీ పసుపు టోపీ ఫ్రాన్సు దొర కథ చెప్పాడు. నేను పక్కనే ఉండి తలూపాను. రేవు పెద్దాయన మాట మీద ఆ నెలలోనే పర్మనెంటయ్యాను, ఆ తర్వాత చాలా ఏళ్ళు గీతలు చూసే పనే చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ప్రతి సెప్టెంబరు పదిహేడునా ఇంట్లో ఫ్రిజ్ ఆపి, బొట్టు పెట్టి, లోపల ఒక లడ్డూ ఉంచుతాను. "ఎంతసేపు ఆపుతారు, పాలు విరిగిపోతాయి" అంటుంది మా ఆవిడ. హారతి అయ్యేదాకా అంటాను. అని, గడియారం చూస్తూ దాని ముందే నిలబడతాను. ఆవిడ అది భక్తి అనుకుంటుంది.