టవల్ గురించి పది వాక్యాలు

పవర్‌లూమ్ మీద ముప్పై ఎనిమిదేళ్లు పని చేసిన నాకు ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. పాత కాగితాల దుకాణంలో దొరికిన, అట్టలు ఊడిన వ్యాకరణ పుస్తకాన్ని దారం కండెలు మార్చే సందులో చదువుకున్నాను. అందులో నాకు బాగా ఒంటబట్టింది విశేషణాలు, క్రియావిశేషణాల పాఠం. వస్తువు ఎలాంటిదో చెప్పేది ఒకటి, పని ఎలా జరిగిందో చెప్పేది ఇంకొకటి. పొద్దంతా గుడ్డనూ దాని నేతనూ చూసేవాడికి ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది?

అందుకే మా కోడలు అశోక్ చౌక్‌లో, మొబైల్ దుకాణం పై అంతస్తులో నడిచే క్లాసు నుంచి ఒక జిరాక్స్ కాగితం తెచ్చి చూపించినప్పుడు నాకు ఒళ్లు మండింది. నూరు విశేషణాలు, పక్కన ఏభై క్రియావిశేషణాలు. ఏది ఎక్కడ వాడాలో ఒక్క ముక్క లేదు. బట్టీ పట్టి, వాక్యానికి రెండు చొప్పున వేయమన్నాడట మాస్టారు. కూర మీద కొత్తిమీర చల్లినట్టట. ఆ మాటకు ఫీజు కూడా తీసుకున్నాడు.

ఆమెకు ఇంగ్లీషుతో ఏం పని పడిందో చెప్పాలి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి బీడీలే చుడుతోంది. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆ పని మానితే తప్ప తగ్గదని డాక్టరు చెప్పేశాడు. దాజీ పేట్‌లో ఒక టవళ్ల గోదాము వాళ్లు, ఆన్‌లైన్‌లో అమ్మే సరుకు గురించి ఇంగ్లీషులో రాసే మనిషి కోసం చూస్తున్నారు. పదో తరగతి పాసైన ఆమె ధైర్యం చేసి పేరిచ్చి వచ్చింది. పది రోజుల్లో పరీక్ష. ఆ పని దొరికితేనే బీడీల చాట పక్కన పెట్టగలదు.

జిరాక్స్ కాగితాన్ని దిండు కిందికి తోసి నా పద్ధతిలో మొదలుపెట్టాను. టవల్ చేతికిచ్చి కళ్లు మూసుకోమన్నాను. చేతికి తెలిసిన గుణమే రాయాలి, తెలియనిది రాయకూడదు. క్రియావిశేషణాలు ఆమె బీడీలు చుడుతుండగానే చెప్పించాను. ఆకు సమంగా కత్తిరించాను, దారం గట్టిగా కట్టాను, ఇలా. నాలుగో రోజుకు నన్నే దిద్దడం మొదలుపెట్టింది. ఒకచోట నేను గుడ్ అంటే, "మామా, ఆడ వెల్ రావాలె గదా" అంది. పుస్తకం తీసి చూశాను. ఆమెదే నిజం.

పరీక్షనాడు గోదాము యజమాని శేట్ ఒక టవల్ ఇచ్చి, కొనేవాళ్ల కోసం పది వాక్యాలు రాయమన్నాడు. ఆమె రాసిన కాగితం తర్వాత నేనూ చూశాను. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. టవల్ బరువైనది. నెమ్మదిగా ఆరుతుంది. ఎడమ అంచును కొంచెం వదులుగా నేశారు. ఎరుపు రంగు మొదటి ఉతుకులో కాస్త దిగుతుంది. పది వాక్యాలూ ఇదే తీరు.

మా పేటల్లో పెరిగినవాళ్లు ఎవరైనా ఇలాగే రాస్తారు. సరుకు అప్పజెప్పేటప్పుడు నేసినవాడే ముందు తప్పు చూపాలి. తప్పున్న చోట అంచుకు రంగు దారం కట్టి ఇవ్వాలి. బీడీలు అప్పజెప్పే ఆడవాళ్లూ అంతే, వంకరపోయినవి తామే ఏరి పక్కన పెడతారు. తన పనిని తాను బాగుందనుకోవడం మా ఇళ్లలో సిగ్గులేనితనం. తప్పులు చెప్పి ఊరుకుంటే మిగిలిందంతా బాగున్నట్టే.

శేట్ ఈ పేటలో పుట్టినవాడే, వాళ్ల నాన్న నా పక్క మగ్గం నడిపినవాడే. అయినా కాగితం చదివి నవ్వాడట.

"అక్కా, నువ్వు టవల్ అమ్ముతున్నవా, దాని మీద కంప్లేంట్ ఇస్తున్నవా?"

ఇంగ్లీషు సాఫ్‌గా ఉంది కాబట్టి ఆ టవల్‌నే చేతికిచ్చి, సోమవారం దాన్ని మెచ్చుకుంటూ మరోసారి రాసి చూపించమని పంపాడు. అదే ఆఖరి అవకాశమట.

నేను చొక్కా తొడుక్కున్నాను. లేని గుణాలు రాయించుకోవడానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి ఎందుకని వాడిని నిలదీద్దామని బయలుదేరాను. కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఏనాడూ నా ముందు గొంతు పెంచని మనిషి, ఆ రోజూ పెంచలేదు.

"మీరు నేర్పింది తప్పు గాదు మామా. కానీ కొనేటోడు ఏడ్నో ముంబైల ఉంటడు. తప్పు ఒక్కటే చెప్తే, మిగిలింది మంచిగున్నదని ఆయనకెట్ల ఎరుకైతది? మంచి గూడ నిజమే గదా. అది గూడ చెప్పాలె."

చొక్కా విప్పి దండెం మీద వేశాను. ఆ నూరు మాటల కాగితం ఎక్కడ పెట్టారని అడిగింది. తీసి ఇచ్చాను. ఇద్దరం టవల్ మధ్యలో పరుచుకొని కూర్చున్నాం. ఒక్కో మాట చదవడం, గుడ్డను తడమడం, కొట్టేయడం. రాజులు వాడేది అనే అర్థం వచ్చే మాట దగ్గర ఆమె నవ్వుతూ, ముందు మీరు వాడి చూడుండ్రి మామా అంది. నూరింటిలో ఆరు మాటలు మిగిలాయి.

సోమవారం ఆ ఆరు మాటలతోనే రాసింది. ఎరుపు రంగు దిగే సంగతి మాత్రం వదల్లేదు, మొదటిసారి విడిగా ఉతకాలని చివర చేర్చింది. శేట్ ఆ వాక్యం తీసేయమన్నాడట. వాపస్ వచ్చిన టవళ్లు మీరే ఉతుకుతరా అని ఈమె అడిగిందట. వాక్యం ఉండిపోయింది, పని దొరికింది.

దగ్గు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా తగ్గుతోంది. మొన్న ఫోన్లో ఆ టవల్ బొమ్మ, దాని కింద తను రాసింది చూపించింది. మా పేటలో నేసిన గుడ్డను మా ఇంటి మనిషే మెత్తనిది, చక్కగా నేసినది అని రాయడం చూసి నాకు సిగ్గుగానే అనిపించింది. అయినా రెండుసార్లు చదివాను. ఎలా ఉందని అడుగుతుందేమోనని తలెత్తితే, ఆమె అప్పటికే టిఫిన్ డబ్బా పట్టుకొని ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లిపోయింది.