థ పొట్టలో చుక్క

ప్రెస్సులో అందరూ ఆవిడను చుక్కలక్క అంటారు. "కథ"లో థ పొట్టలో చుక్క లేకపోతే ఎంతటి రచయితకైనా పట్టపగలే చుక్కలు చూపిస్తుందని ఆ పేరు. ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. మందుసీసా మీది కాగితాన్నైనా చివరిదాకా చదవందే మూత తీయదు.

అలాంటి మనిషి దిద్దిన పుస్తకం కిందటి నెల "కధ"లతో, "వ్యధ"లతో అచ్చయి బయటికొచ్చింది. యజమాని పల్లెత్తు మాట అనలేదు. ఈ బుధవారం పిలిచి, "సోమవారం నుంచి పార్సిళ్ల గది చూసుకోండమ్మా, కళ్లకు శ్రమ ఉండదు" అన్నాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన అన్నీ చదివించి, "మీ కళ్లు లక్షణంగా ఉన్నాయి. తెర మీదే మసకంటే ఆ తెరనే ఎవరికైనా చూపించండి" అన్నాడు. మూడు నెలల కిందట కాగితం ప్రూఫులు మానిపించి, లినక్స్ ఎక్కించిన కంప్యూటరొకటి ఆవిడ బల్ల మీద పెట్టారు. మసక అప్పటినుంచే.

శుక్రవారం మధ్యాహ్నం, సెలవులో ఉన్న, ప్రెస్సులో పేజీలు కూర్చే డీటీపీ తమ్ముడికి ఫోన్ చేసింది.

"డిస్‌ప్లే సెట్టింగుల్లో రిజల్యూషన్ ఎంతుందక్కా?"

"వెయ్యీ ఇరవై నాలుగు."

"అదీ సంగతి. పెద్ద తెరకు చిన్న కొలత పెట్టి సాగదీశారు. పంతొమ్మిది వందల ఇరవై పెట్టు."

పెట్టింది. అక్షరాలు కడిగినట్టు తేలాయి. ప్రాణం లేచొచ్చింది. ఇంతలో మధ్యలో ఒక పెట్టె వచ్చింది: ఈ మార్పులను ఉంచాలా, లేకపోతే ఇరవై సెకన్లలో పాతవే వస్తాయి అని. ఆవిడ కళ్లజోడు సర్దుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. రెండో వాక్యంలో ఒక కామా నచ్చక ఆగేసరికి పెట్టె పోయి, మసక తిరిగొచ్చింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పోయింది. మూడోసారి పక్కనున్న రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారాలన్న లెక్క, కూడా పెంచితే మేలేమోనని డెబ్బై అయిదు నొక్కింది. తెర మొత్తం నల్లబడి, కాసేపటికి మసకతోనే తెల్లారింది.

"దీని తాడు తెగ. నన్నింత తొందరపెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు."

"రేటు అరవైలోనే ఉండనీ. పెట్టె రాగానే 'ఉంచు' నొక్కెయ్. చదవకు."

"చదవకుండా ఎలా నొక్కుతారు?"

"నీకు దణ్ణం పెడతానక్కా, ఈ ఒక్కసారికి చదవకు."

నొక్కింది. దొంగతనం చేసినట్టనిపించింది. కానీ తెర నిలిచింది.

వెంటనే ఆ పుస్తకం ఫైలు తెరిచింది. చుక్క లేని థలు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఒళ్లు మండిపోయింది. మూడు నెలలు తన కళ్లను తానే ఆడిపోసుకుంది. యజమాని ముందు పెట్టాలని పేజీ నంబర్లన్నీ కాగితం మీద రాసింది. తొమ్మిది తప్పులు, తొమ్మిదీ థలే. నూట పన్నెండో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఒకే పేరా రెండుసార్లు పడింది. అది ఎంత మసకలోనైనా కనపడే తప్పు. అంటే ఆ పేజీ తను చదవలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆ నంబరూ రాసి, కాగితం తీసుకెళ్లి యజమాని ముందు పెట్టి, తెర మసక సంగతి చెప్పింది.

"తొమ్మిది తెర చేసినవండీ. పదోది నాది."

ఆయన కాగితం చూసి, "సరే, సోమవారం మీ కుర్చీలోనే కూర్చోండి. అయినా ఆ పదోది చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అన్నాడు.

"నాకు తెలుసు కదండీ" అంది చుక్కలక్క విసుగ్గా.