కొలత కుదరని గౌను

హాసిని పొద్దుటినుంచీ క్లాసులో చదవాల్సిన పేపరు తిరగేస్తూనే ఉంది. అమెరికాలో తాముండే హెర్న్‌డన్‌నుంచి కాలేజీకి డ్రైవ్ చేస్తున్న రూమ్మేట్ అనుష్క, "ఎందుకే అంత టెన్షన్? ఫ్రంట్ రోలో కూసొని వీడియో తీస్తా కదా!" అంది. అయ్యో రాత, హాసిని భయమంతా ఆ పిల్ల ముందు మాట్లాడాల్సి రావడం గురించే!

హాసిని స్కాలర్‌షిప్ మీద చిత్రకళా చరిత్ర చదువుతోంది. ఆవాళ చెప్పాల్సింది రెండువందల ఏళ్ళనాటి ఫ్రెంచి పెన్సిల్ బొమ్మ గురించి. ఆ రోజుల్లో కలిగినవాళ్ళు బొమ్మ వేయించుకున్నారంటే హోదా వేయించుకున్నట్టే. చేతిలో గ్లవ్స్, భుజాన శాలువా, ఏదీ మరిచేవారు కాదు. ఈ బొమ్మలో ఒకావిడ కూర్చుంది, వెనక ఒకావిడ నిలబడింది. ఇద్దరివీ పట్టుగౌన్లే గనక అక్కచెల్లెళ్ళని మ్యూజియం క్యాటలాగులో రాసేశారు.

హాసిని చూడగానే పట్టేసింది. నిలబడ్డావిడ గౌను భుజాలమీదినుంచి జారింది. నడుము దగ్గర మడిచి కుట్టారు. అంచు పాదాలదాకా రాలేదు. అవి కూర్చున్న పొట్టి, లావుపాటి మనిషి కొలతలు. అమ్మగారు తొడిగి విడిచిన గౌను అది. వెనకున్నది చెల్లెలూ కాదు, గిల్లెలూ కాదు, పనిమనిషి.

హాసిని వాళ్ళమ్మ విజయవాడలో నాలుగిళ్ళల్లో అంట్లు తోముతుంది. వాళ్ళిచ్చే పాత చీరలు ఎవరికైనా సరిపోతాయి, పట్టిచ్చేవి జాకెట్లే. చంకల కింద ఎన్ని కుట్లు వేసుకున్నా భుజం నిలవదు. అనుష్కకి మాత్రం అమ్మ టీచరని చెప్పింది. ఏడాదిన్నరగా ఆ అబద్ధంతో చస్తూ బతుకుతోంది.

పేపరు చదవడం అయ్యింది. ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి, అది చిత్రకారుడి పొరపాటు కావచ్చు కదా, ఎవరో ఇచ్చిన గౌనేనని అంత గట్టిగా నీకెలా తెలుసు అని అడిగాడు.

ఎక్కడో చదివానంటే సరిపోయేది. ఏ పుస్తకమంటే? ఎదురుగా అనుష్క ఫోనెత్తి పట్టుకుని, చెప్పవే అన్నట్టు తలాడించింది. అయిపోయాన్రా దేవుడా అనుకుంది హాసిని.

"మా అమ్మ ఇళ్ళల్లో పని చేస్తుంది," అంది ఇంగ్లీషులో. "వాళ్ళు విడిచినవే కట్టుకుంటుంది."

ప్రొఫెసర్ తల వంచి రాసుకున్నాడు. అనుష్క ఫోన్ దించేసింది.

తిరుగుదారిలో సిగ్నల్ దగ్గర కారాగేసరికి హాసినికి ఇక ఏడుపు ఆగలేదు. "సారీనే. వేరే రూమ్ చూసుకోమంటే చూసుకుంటా."

"ఊకోవే, ప్లీజ్." అనుష్క రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మా ఇంట్ల పనిచేసే ఆమె పదకొండేండ్లసంది వస్తది. ఆమెకి నీలెక్క బిడ్డ ఉందో లేదో నాకు తెల్వదు. ఒక్కసారి గూడ అడగలే."