దగ్గరికి తెచ్చే గొట్టం

నేను బడిపంతులును. సెలవుల్లో కోప్పడటానికి పిల్లలు దొరకరు కాబట్టి ఆ కోపమంతా ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. ఆ ఏడు దసరా సెలవుల్లో మా అమ్మ మీద పడింది. కారణం ఒక పాత డిజిటల్ కెమెరా.

పెళ్లికి ముందు మోజుపడి కొనుక్కున్నాను దాన్ని. మీట నొక్కితే లెన్సు గొట్టం అంచెలంచెలుగా బయటికి సాగి, ఎక్కడో ఉన్నదాన్ని కళ్ల ముందు పెట్టేది. ఫోన్లు వచ్చాక బీరువాలో పడేస్తే అమ్మ బయటికి తీసింది. ఫొటోల కోసం కాదు, చూడటానికి. పొద్దు వాలే వేళకు మిద్దె ఎక్కి, పిట్టగోడకు మోచేతులు ఆనించి, దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని నిలబడేది. “గుట్ట మీది గుడి చూస్తున్న బిడ్డా. మోకాళ్లు వంగుతలేవు గద, గిట్లనే దండం పెట్టుకుంట” అనేది. దానికి ‘దగ్గరికి తెచ్చే గొట్టం’ అని పేరు కూడా పెట్టుకుంది.

ఆ రోజుల్లో మా ఆర్మూరు మిద్దెలన్నీ పచ్చగా ఉంటాయి, మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఎండబోసే కాలం. మక్కపొట్టు గాలిలోకి లేచి కింద పడటం మరిచిపోయినట్టు ఎండలో తేలుతూ ఉంటుంది. ఊరవతల చేలలోంచి పసుపాకు వాసన వచ్చి పోతుంటుంది. అమ్మ పక్కన కాసేపు నిలబడితే నిద్రా కాదు మెలకువా కాదు అన్నట్టుండేది నాకు. కెమెరా తెర మీద ఊరు సన్నగా వణికేది. అమ్మ ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక వీధి పైకి లేచి, వదిలినప్పుడు మెల్లగా కూర్చునేది. గుడి మాత్రం నాకు ఎప్పుడూ కనిపించలేదు. చేతులు వణికి పక్కకు పోతోందనుకున్నాను.

దసరా నాడు పనిముట్లకు పూజ చేశాం. కొడవళ్లకు, బండికి, మిక్సీకి అమ్మ వరసగా బొట్లు పెట్టింది. సాయంత్రం నేను, పెద్దల చేతిలో పెట్టి మొక్కే జమ్మి ఆకు కోసం పోయి వచ్చేసరికి అమ్మ కెమెరా పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. గొట్టం సగం బయటికి వచ్చి, ఒక పక్కకు ఒరిగి, బిగుసుకుపోయింది. ఆన్ చేస్తే కిర్రుమని రెండుసార్లు గింజుకుని, లెన్స్ ఎర్రర్ అని చూపించి ఆరిపోయింది. పరీక్షగా చూస్తే గొట్టం చుట్టూ సందులో ఎండి గట్టిపడిన పసుపు.

“అమ్మా, దీనికి గూడ బొట్టు పెట్టినవా?”

“పెట్టిన. అన్నిటికి పెట్టి దానికి పెట్టకుంటే ఎట్ల? గొట్టం బయటికి తీసి, చుట్టూ మంచిగ పెట్టిన.”

నోటికొచ్చినట్టు అరిచాను. మామూలుగా అయితే నాకు రెండింతలు అరిచే మనిషి, తల వంచుకుని, “జర జల్ది మంచిగ చెయ్‌రా” అంది.

మర్నాడు బ్యాటరీ తీసి కాసేపు పక్కన పెట్టి మళ్లీ వేశాను. కిర్రుమంది. నిండా చార్జింగ్ పెట్టి చూశాను. మళ్లీ కిర్రుమంది. బాగుచేసే షాపుకు ఫోన్ చేస్తే, “గా మోడల్‌కు పార్టులు వస్తలేవు సార్, ఇగ పక్కన పెట్టుండ్రి” అన్నాడాయన. అమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. నూనె తగిలితే ఉన్నది కూడా పోతుందని కసిరి పంపించాను. అయినా పూటకు పదిసార్లు వచ్చి “అయిందా?” అని అడిగేది. గుడికి ఆటోలో తీసుకుపోతానంటే, “ముందుగాల గది మంచిగ చెయ్” అనేది.

మూడో రోజు, మెమరీ కార్డు కూడా తీసి చూద్దామని తీశాను. తీసినవాణ్ని ఊరికే ఉండక కంప్యూటర్‌లో పెట్టాను. అమ్మ వేలు తగిలి పడ్డ ఫొటోలు బోలెడున్నాయి. ఒక్కదాంట్లోనూ గుడి లేదు. అన్నిట్లో ఒకటే మిద్దె. దాని మీద మక్కలు తిప్పుతూ, జుట్టు ఆరబెట్టుకుంటూ, పిట్టగోడ మీద చేయి వేసుకుని ఊరికే నిలబడి, ఒకే మనిషి. మా చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు.

ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్లు. నా పెళ్లికి అమ్మ వాళ్లింటికి పోయి బొట్టు పెట్టి పిలవాల్సింది. బయలుదేరిన అమ్మను ఆపింది నేనే. “సొంత చెల్లెకు బొట్టెందుకే, కార్డు నేనిచ్చొస్త” అని పోయి, ఇంట్లో ఎవరూ లేకపోతే కిటికీలో పెట్టి వచ్చాను. చిన్నమ్మ పెళ్లికి రాలేదు. ఆ తర్వాత అమ్మ వెళ్తే, “బొట్టుకు పనికిరానిదాని గడప ఇగ తొక్కకు” అందట. నా తప్పని చెప్పడానికి నేను ఒక్కసారి కూడా పోలేదు. అప్పటినుంచి అమ్మ దేనికీ బొట్టు పెట్టడం మానలేదు.

ఆఖరి ఫొటోలో చిన్నమ్మ తలకు గుడ్డ కట్టుకుని, మక్కల పక్కన ముడుచుకుని కూర్చుని ఉంది. అమ్మకు చూపించాను.

“జ్వరమొచ్చినట్టుంది” అంది అమ్మ, తెర మీద వేలు పెట్టి. “తెల్లారి చూద్దామనుకున్న. గొట్టం పట్టేసింది. తగ్గిందో లేదో ఎట్ల తెలుస్తది? పోదామంటే గడప తొక్కొద్దనె.”

నాకు చాలా సిగ్గేసింది. నేను పోయి చూసొస్తానంటే, “నీ మొకం చూస్తే ఇంకింత కోపమొస్తది దానికి” అంది. అదీ నిజమే.

ఆ తర్వాత రెండు రోజులు అరవకుండా పని చేశాను. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి గట్టిగా పిండి, గొట్టం చుట్టూ తడి తగిలీ తగలనట్టు తిప్పాను. సన్నటి కాగితం ముక్క సందులోకి దూర్చి గీరాను. కెమెరాను బోర్లించి రబ్బరు బుడ్డితో గాలి కొట్టాను. పసుపు నలుసులు ఒళ్లోని తెల్ల గుడ్డ మీద రాలుతూ పోయాయి. కిటికీలోంచి పడే ఎండ గుడ్డ మీద జరుగుతుంటే, పక్కన కూర్చుని అమ్మ ఆ నలుసులనే చూస్తూ ఉండేది. ఐదో రోజు సాయంత్రం గొట్టాన్ని కిందికి పట్టుకుని ఆన్ చేసి, వేలితో మెల్లగా సరిచేశాను. కిర్రుమని ఆగింది. ఇంకోసారి ఆన్ చేశాను. లోపలికి పోయి, నిటారుగా బయటికి వచ్చింది.

అమ్మ మోకాళ్ల సంగతి మరిచిపోయి మెట్లెక్కింది. మీట నొక్కింది. వీధులు, తీగలు, నీళ్ల ట్యాంకులు ఒక్కొక్కటే కరిగి పక్కకు తప్పుకున్నాయి. చిన్నమ్మ వాళ్ల మిద్దె తెరలో దగ్గరికి వచ్చింది. మక్కలు కుప్ప చేసి, మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. మనిషి లేదు. అమ్మ ఇంకా దగ్గరికి తెచ్చింది. పట్టా అంచు ఒక్కటే గాలికి లేస్తోంది.

“లేదురా” అంది అమ్మ.

“ఎక్కడున్నదని చూస్తున్నవక్కా?”

వెనక మెట్ల మీద చిన్నమ్మ, రొప్పుతూ, తలకు గుడ్డతో. చేతిలో ఎండి ముడుచుకున్న జమ్మి ఆకులు.

“రోజు గా నల్లదేందో మొకానికి పెట్టుకొని నిలవడుతుంటివి. ఐదొద్దులాయె, కనవడవైతివి. పానం బాగలేదో ఏందో అని పరేషానైంది.”

“నువ్వు... చూస్తున్నవా?”

“నాకు కండ్లు లేవా?”

చిన్నమ్మ జమ్మి ఆకులు అమ్మ చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కింది. “చిన్నమ్మా, గా కార్డు...” అని నేను నోరు తెరిచాను. ఇద్దరిలో ఎవరూ వినలేదు. అమ్మ అప్పటికే కిందికి దిగుతోంది.

కుంకుమ భరిణెతో తిరిగొచ్చింది. చెల్లెలి తలగుడ్డ పైకి జరిపి, నుదుట బొట్టు పెట్టింది. వేలు వణకలేదు.

“మా పిలగాని పెండ్లున్నది చెల్లే. ఇంటిల్లిపాది రావాలె” అంది, తొమ్మిదేళ్ల కిందటి నా పెళ్లికి పిలుస్తూ.

చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“వస్త తియ్యి” అంది.